బరువైన కెమెరా, దీర్ఘ నాభ్యంతర లెన్సులకు ట్రైపాడ్ హెడ్ ఎంపిక: పంట పొలాల్లో పక్షుల పరిశీలనకు మార్గదర్శకాలు

సారాంశం

పంట పొలాల్లో పక్షుల ప్రవర్తనను దూరం నుండి చిత్రించి నమోదు చేయడానికి బరువైన కెమెరా, దీర్ఘ నాభ్యంతర లెన్సు అవసరమవుతాయి. వీటి కొనుగోలులో చూపే శ్రద్ధ, వాటిని మోసే ట్రైపాడ్ హెడ్ ఎంపికలో సాధారణంగా కనిపించదు. తయారీదారులు ప్రకటించే ‘మోయగల బరువు’ అనే ఒక్క అంకెను ఆధారం చేసుకొని హెడ్‌ను ఎంచుకోవడం సరికాదు. కెమెరా, లెన్సుల ఉమ్మడి గురుత్వ కేంద్రం హెడ్ తిరిగే అక్షానికి ఎంత దూరంలో ఉన్నది, చేయవలసిన పని ఏమిటి అనే రెండు అంశాలే ఎంపికను నిర్ణయించాలి. నంద్యాల, మహానంది, ఆళ్లగడ్డ ప్రాంతాల పంటలను దృష్టిలో ఉంచుకొని ఈ విషయాలను ఈ వ్యాసంలో వివరించడమైనది.

ఉపోద్ఘాతం

నంద్యాల జిల్లా నల్లరేగడి భూములలో శనగ, మాఘీ జొన్న, ప్రత్తి, కంది, పొద్దుతిరుగుడు పంటలు, కె.సి. కాలువ కింద వరి, మహానంది పరిసరాలలో అరటి తోటలు విస్తారంగా ఉన్నాయి. తూర్పున నల్లమల అడవి, పడమర మెట్ట పొలాలు ఉన్నందున ఈ ప్రాంతంలో పక్షుల వైవిధ్యం ఎక్కువ. నందికొట్కూరు సమీపంలోని రోళ్లపాడు వద్ద బట్టమేక పిట్ట సంరక్షణకై 1988లో అభయారణ్యాన్ని ఏర్పాటు చేశారు. 1980వ దశకంలో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ శాస్త్రవేత్తలు ఇక్కడే ఈ పక్షిపై క్షేత్ర అధ్యయనం చేశారు. హైదరాబాదులోని రాజేంద్రనగర్ కేంద్రంగా వ్యవసాయ పక్షిశాస్త్రంపై అఖిల భారత స్థాయి పరిశోధన కూడా చాలా కాలంగా సాగుతున్నది.

వ్యవసాయ విస్తరణ శాస్త్రవేత్తకు పక్షి రెండు విధాలుగా ఎదురవుతుంది. జొన్న గింజ పాలుపోసుకునే దశలో గిజిగాళ్లు, పిచ్చుకలు, పొద్దుతిరుగుడు పువ్వులో గింజ కట్టే దశలో రామచిలుకలు నష్టం కలిగిస్తాయి. మరోవైపు శనగ, కంది చేలలో ఏట్రింత (పసులపోలిగాడు), గోరింక, పాలపిట్ట వంటివి శనగపచ్చ పురుగును ఏరి తింటాయి. ఈ కారణం చేతనే సమగ్ర సస్యరక్షణలో ఎకరాకు 20 వరకు పక్షి స్థావరాలను నిలపాలని సిఫారసు చేస్తారు. “ఈ పిట్ట నా పంటను తింటున్నదా, పురుగును తింటున్నదా?” అని రైతు అడిగినప్పుడు ఊహతో సమాధానం చెప్పరాదు. తప్పు సమాధానం వలన మేలు చేసే పక్షిని రైతు తరిమివేయవచ్చు, లేదా లేని మేలును నమ్మి నష్టపోవచ్చు. పక్షి ముక్కున ఉన్నది ఏమిటో స్పష్టంగా చూపే చిత్రమే ఇక్కడ సాక్ష్యం.

స్పష్టతకు, కదలికకు గల సంబంధం

ఒక ఉదాహరణను పరిశీలిద్దాం. 600 మి.మీ. నాభ్యంతరం గల లెన్సు, సుమారు 4.3 మైక్రాన్ల పిక్సెల్ గల సెన్సారు ఉన్నాయనుకుందాం. 50 మీటర్ల దూరంలోని వస్తువుపై ఒక్కొక్క పిక్సెల్ దాదాపు 0.36 మి.మీ. మేరకు చూపుతుంది. బాగా ఎదిగిన శనగపచ్చ పురుగు పొడవు 35 నుండి 40 మి.మీ. ఉంటుంది కాబట్టి అది చిత్రంలో సుమారు 100 పిక్సెల్‌ల పొడవు కనిపించాలి. 5 మి.మీ. మందం 14 పిక్సెల్‌లకు సమానం. పురుగును పురుగుగా గుర్తించడానికి ఇది చాలును.

చిత్రం తీసే క్షణంలో కెమెరా ఒక డిగ్రీలో 60వ వంతు, అనగా ఒక నిమిష కోణం కదిలినదనుకుందాం. 50 మీటర్ల దూరంలో ఆ కదలిక 14.5 మి.మీ.కు సమానం, అంటే చిత్రంలో 40 పిక్సెల్‌ల మేర చెరిగిపోతుంది. పురుగు మందానికి ఇది దాదాపు మూడు రెట్లు. పక్షి ముక్కున పురుగు ఉన్నదో, గింజ ఉన్నదో, గడ్డిపోచ ఉన్నదో ఇక చెప్పలేము.

ఇంత నష్టానికి కావలసిన కదలిక ఎంత స్వల్పమో గమనించండి. 10 సెం.మీ. పొడవైన ప్లేటు ఒక కొన 0.03 మి.మీ. పైకి లేచినా, కిందికి దిగినా ఒక నిమిష కోణం ఏర్పడుతుంది. ఇది మనిషి వెంట్రుక మందం కన్న తక్కువ. కావున హెడ్ ‘విరగకుండా మోస్తున్నదా’ అన్నది సరైన ప్రశ్న కాదు. ‘వెంట్రుక వాసి కూడా కదలకుండా పట్టి ఉంచుతున్నదా’ అన్నదే ప్రశ్న.

‘మోయగల బరువు’ అనే అంకెలోని లోపం

ట్రైపాడ్ కాళ్లకు, కెమెరాకు మధ్య ఉండి కెమెరాను తిప్పడానికి, వంచడానికి, కావలసిన చోట బిగించడానికి తోడ్పడే భాగాన్ని హెడ్ అంటారు. దుకాణంలో ప్రతి హెడ్ పెట్టెపైన అది ఎన్ని కిలోలు మోయగలదో రాసి ఉంటుంది. ఈ అంకెను నిర్ధారించడానికి తయారీదారులందరూ పాటించే ఉమ్మడి పద్ధతి ఏదీ లేదు. బరువు నిటారుగా, సరిగ్గా హెడ్ మధ్యన ఉన్నప్పుడు మోయడం ఒక సంగతి, వంచినప్పుడు ఆపడం మరొక సంగతి.

బరువైన లెన్సు విషయంలో ఈ తేడా ఎంత పెద్దదో లెక్క వేసి చూడవచ్చు. నికాన్ 600 మి.మీ. ఎఫ్/4 ఇ శ్రేణి లెన్సు బరువు 3,810 గ్రాములు, డి850 కెమెరా బరువు బ్యాటరీతో కలిపి సుమారు 1,005 గ్రాములు. ప్లేటును కలుపుకొంటే మొత్తం 5 కిలోలకు చేరువ అవుతుంది. ఈ బరువు యొక్క గురుత్వ కేంద్రం బాల్ హెడ్‌లోని గోళం కేంద్రానికి 12 సెం.మీ. ఎత్తున ఉన్నదనుకుందాం. చెట్టు కొమ్మపై ఉన్న పక్షి కోసం కెమెరాను 30 డిగ్రీలు పైకి ఎత్తితే గోళాన్ని తిప్పివేయడానికి పనిచేసే బలభ్రామకం 5 × 12 × 0.5, అనగా 30 కిలో-సెంటీమీటర్లు. 30 సెం.మీ. కర్ర కొనకు ఒక కిలో తూకపురాయిని వేలాడదీసి, ఆ కర్రను రెండవ కొన వద్ద వేళ్లతో బిగించి పట్టుకొనడం వంటిదిది. వాలు 45 డిగ్రీలకు పెరిగితే ఈ విలువ 42కు చేరుతుంది.

పెట్టెపై ‘20 కిలోలు’ అని ఉన్నా ఈ మెలిని ఆ హెడ్ ఎంతవరకు ఆపగలదో ఆ అంకె చెప్పదు. అందువలన ఎంపికలో తొలి సూత్రం: బరువును కాదు, బరువును దూరంతో గుణించగా వచ్చే భ్రామకాన్ని చూడాలి.

హెడ్ రకాలు, వాటి గుణదోషాలు

1. మూడు దిశల పాన్-టిల్ట్ హెడ్: పక్కలకు తిప్పడం, ముందుకు వెనుకకు వంచడం, పక్కకు ఒరగించడం అనే మూడు కదలికలకు మూడు వేర్వేరు పిడులు ఉంటాయి. ఒక దిశను సరిచేస్తున్నప్పుడు మిగిలిన రెండు చెదరవు. ఆకు మచ్చ తెగుళ్లు, నాటిన ప్రయోగ మడులు, నమూనాల చిత్రీకరణకు మంచిది. కదిలే పక్షిని వెంబడించడానికి మాత్రం తగదు.

2. గేర్ హెడ్: పిడులకు బదులు పళ్ల చక్రాలతో అతి కొద్ది కదలికలను ఇస్తుంది. బిగించిన తరువాత చిత్రం కిందికి జారదు. మాక్రో లెన్సుతో పేనుబంక, తామర పురుగులు, గుడ్ల సముదాయాలను తీసేటప్పుడు దీనికి సాటి లేదు. బరువెక్కువ, వేగం తక్కువ.

3. బాల్ హెడ్: ఒకే గోళం అన్ని దిశలకు తిరుగుతుంది. చిన్నది, తేలిక, త్వరగా సిద్ధమవుతుంది. నల్లమల వాలులలో నడుస్తూ 2 కిలోల లోపు లెన్సు వాడేవారికి ఉపయోగకరం. అయితే బరువు గోళంపైన ఉంటుంది కనుక ఇది అస్థిర సమతాస్థితి. వేలి కొనపై కర్రను నిలబెట్టినట్లు ఉంటుంది. బిగింపు సడలిన క్షణంలో బరువైన లెన్సు ఒక్కసారిగా ముందుకు ఒరిగి, దానితోపాటు ట్రైపాడ్ కూడా పడిపోయే ప్రమాదం ఉన్నది. బిగించిన తరువాత చిత్రం కొద్దిగా కిందికి దిగడం దీనిలోని మరొక లోపం. బరువైన లెన్సుకు దీనినే వాడవలసి వస్తే పెద్ద గోళం, ఘర్షణను విడిగా సరిచేసే మర గలదానిని ఎంచుకోవాలి.

4. గింబల్ హెడ్: లెన్సును పక్కన లేదా ఊయల వంటి చట్రంలో వేలాడదీస్తుంది. కెమెరా, లెన్సుల ఉమ్మడి గురుత్వ కేంద్రం సరిగ్గా వంపు అక్షంపైకి వచ్చేలా సర్దుతారు. దూరం సున్నా అయినప్పుడు భ్రామకం కూడా సున్నా అవుతుంది. కావడి బద్దకు రెండు వైపులా సమానంగా బరువు సర్దినట్లే, 5 కిలోల లెన్సు రెండు వేళ్లతో తిరుగుతుంది, వదిలిన చోటనే ఆగుతుంది. ఇది తటస్థ సమతాస్థితి. ఎగిరే పక్షులకు, గంటల తరబడి చేసే పరిశీలనకు ఇదే అత్యుత్తమం. బరువు, పరిమాణం ఎక్కువగా ఉండడం, చిన్న లెన్సులకు అంతగా ఉపయోగపడకపోవడం దీని పరిమితులు.

5. ఫ్లూయిడ్ హెడ్: వీడియో చిత్రీకరణకై రూపొందినది. లోపలి చిక్కని ద్రవం లేదా గ్రీజు వలన కదలిక కుదుపు లేకుండా సాగుతుంది. వంచినప్పుడు బరువును తిరిగి పైకి నెట్టే స్ప్రింగు ఉంటుంది. ఈ స్ప్రింగు ఎంత బరువుకు అమర్చబడినదో తెలుసుకొని కొనాలి. బరువు తక్కువైతే కెమెరా పైకి లేస్తుంది, ఎక్కువైతే కిందికి వాలుతుంది. రైతుల కోసం వీడియో పాఠాలు తయారుచేసే కేంద్రాలకు ఇది ఉభయతారకం. నిశ్చల చిత్రాలకు కూడా పనికివస్తుంది.

పనిని బట్టి ఎంపిక

జొన్న, పొద్దుతిరుగుడు చేను అంచున గుడారంలో కూర్చొని 4 కిలోలకు మించిన సామగ్రితో పక్షులను చిత్రించేవారు గింబల్ హెడ్‌ను ఎంచుకోవాలి. సిగ్మా 150-600 మి.మీ. కాంటెంపరరీ (1,930 గ్రాములు), నికాన్ 200-500 మి.మీ. (కాలర్‌తో 2,300 గ్రాములు) వంటి మధ్యస్థ బరువు లెన్సులకు తేలికపాటి గింబల్ లేదా మంచి ఫ్లూయిడ్ హెడ్ సరిపోతుంది. ఈ జూమ్ లెన్సులలో నాభ్యంతరం మార్చినప్పుడు గొట్టం ముందుకు సాగి గురుత్వ కేంద్రం జరుగుతుంది. కావున ఎక్కువగా వాడే నాభ్యంతరం వద్దనే తూకం సరిచూడాలి. పురుగులు, తెగుళ్ల చిత్రీకరణే ప్రధానమైన విభాగం గేర్ హెడ్‌ను కొనుట మేలు. నిశ్చల చిత్రాలు, వీడియో రెండూ కావలసి, ఒక్క హెడ్‌కు మాత్రమే నిధులున్నప్పుడు ఫ్లూయిడ్ హెడ్ మధ్యేమార్గం.

గింబల్‌ను తూకానికి తెచ్చే విధానం

మొదటగా లెన్సు కాలర్ పాదానికి పొడవైన ప్లేటును రెండు మరలతో బిగించాలి. ఒకే మర ఉంటే బరువుకు ప్లేటు మెలితిరుగుతుంది. కెమెరా అడుగున ఉన్న మరకు హెడ్‌ను తగిలించి బరువైన లెన్సును ముందుకు వేలాడనీయడం ఎంతమాత్రం తగదు. అట్లు చేసిన యెడల భారమంతా లెన్సు మౌంటుపై పడుతుంది.

ప్లేటును క్లాంపులో ఉంచి, ఒక చేతితో లెన్సును పట్టుకొని వంపు మరను వదులు చేయాలి. ముందు భాగం వాలితే ప్లేటును వెనుకకు, కెమెరా వైపు వాలితే ముందుకు జరపాలి. లెన్సు సమతలంగా నిలిచిన తరువాత దానిని 30 డిగ్రీలు పైకి ఎత్తి వదలాలి. అది ఇంకా వాలిపోతూ ఉంటే గురుత్వ కేంద్రం అక్షానికి పైన ఉన్నట్లు అర్థం, ఊయలను కిందికి దించాలి. సమతలానికి తిరిగి వస్తే గురుత్వ కేంద్రం కింద ఉన్నట్లు అర్థం, ఊయలను పైకి జరపాలి. ఎత్తిన కోణంలోనే ఆగిపోతే తూకం కుదిరినట్లే. ఆ స్థానాన్ని ప్లేటుపై గీతతో గుర్తించి ఉంచుకొన్నచో మరుసటి రోజు తెల్లవారుజామున చీకటిలో కూడా నిమిషంలో అమర్చవచ్చు.

కాళ్లు, నేల, గాలి

హెడ్ ఎంత మంచిదైనా కాళ్లు బలహీనమైతే ప్రయోజనం లేదు. నడుమ ఉండే నిలువు స్తంభాన్ని పైకి లేపినప్పుడు మూడు కాళ్ల ఆధారం ఒంటికాలిగా మారుతుంది. బరువైన లెన్సులకు ఆ స్తంభం లేని ట్రైపాడ్ మేలు. సన్నని చివరి గొట్టాలను సాధ్యమైనంత తక్కువగా బయటకు లాగాలి.

నల్లరేగడి నేల స్వభావాన్ని ఇక్కడ ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి. తడిసినప్పుడు ఉబ్బి మెత్తబడుతుంది, ఎండినప్పుడు నెర్రెలు వారుతుంది. తడి నేలలో ఒక్కొక్క కాలి కింద అరచేతి వెడల్పు చెక్క ముక్కను ఉంచినచో కాలు దిగబడదు. నెర్రె అంచున కాలు పెట్టరాదు. నీరు నిలిచిన వరి మడి గట్టు కంటే గట్టి బండిబాట అనుకూలం. గాలి వీచే వేళ ట్రైపాడ్‌ను కురచగా నిలిపి, వేలాడే మెడపట్టీని తీసివేయాలి. నడుమ బరువు సంచిని వేలాడదీస్తే అది నేలను తాకుతూ ఉండాలి, ఊగితే అదే కదలికకు మూలమవుతుంది. పక్కలకు తిప్పినప్పుడు చిత్రం ఒరగకుండా ఉండుటకు హెడ్ అడుగు భాగం సమతలంగా ఉన్నదో లేదో నీటి బుడగతో సరిచూడాలి.

కొనే ముందు చేయవలసిన పరీక్ష

కొనుగోలు ప్రతిపాదనలో ‘20 కిలోలు మోయగల హెడ్’ అని మాత్రమే రాస్తే చౌకైన బాల్ హెడ్ కూడా ఆ నిబంధనకు లోబడి రాగలదు. దానికి బదులు హెడ్ రకం, వాడబోయే కెమెరా-లెన్సుల పేర్లు, మొత్తం బరువు, ఆర్కా తరహా క్లాంపు, ట్రైపాడ్‌కు తగిలే మర పరిమాణం (సాధారణంగా 3/8 అంగుళం), ప్లేటు జారిపోకుండా ఆపే భద్రతా మర అవసరమనే విషయం స్పష్టంగా పేర్కొనాలి. వీలైతే సొంత సామగ్రితో కింది పరీక్షలు చేయించాలి.

మొదటిది: సామగ్రిని బిగించి, 50 మీటర్ల దూరంలో అతికించిన అచ్చు కాగితాన్ని తెరపై అత్యధికంగా పెంచి చూడాలి. లెన్సును వేలితో తట్టి, చిత్రం నిశ్చలం కావడానికి ఎన్ని సెకన్లు పడుతున్నదో లెక్కించాలి. రెండవది: 30 డిగ్రీలు ఎత్తి బిగించి, ఐదు నిమిషాల తరువాత చిత్రం కిందికి దిగినదేమో చూడాలి. మూడవది: 1/15 నుండి 1/60 సెకను వరకు వేర్వేరు షట్టర్ వేగాలలో పది చొప్పున చిత్రాలు తీసి, అక్షరాలు చదవగలిగినవి ఎన్నో లెక్కపెట్టాలి. పెట్టెపై అంకె కంటే ఈ లెక్కే నమ్మదగినది.

వాడకంలో జాగ్రత్తలు

లెన్సును క్లాంపు నుండి తీసే ముందు, ట్రైపాడ్‌ను వదిలి పక్కకు వెళ్లే ముందు అన్ని మరలూ బిగించాలి. తూకం కుదిరిన గింబల్ నుండి కెమెరాను మాత్రం విడదీస్తే లెన్సు ముందుకు కూలుతుంది. నల్లరేగడి ధూళి గోళంపైన, మరల సందులలో చేరకుండా ప్రతిసారి పొడి కుంచెతో శుభ్రపరచాలి. తయారీదారు సూచించనిదే నూనె వేయరాదు, బాల్ హెడ్‌లో ఘర్షణే పట్టును ఇచ్చేది. అభయారణ్యంలో చిత్రీకరణకు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ముందుగా అటవీశాఖ అనుమతి పొందాలి. గూళ్ల వద్దకు చేరువగా వెళ్లరాదు. దీర్ఘ నాభ్యంతర లెన్సు ఉన్నదే దూరంగా ఉండుటకు.

ముగింపు

పక్షి స్థావరాలు నిలపమని రైతుకు చెప్పే శాస్త్రవేత్త, ఆ స్థావరంపై వాలిన ఏట్రింత ముక్కున పచ్చ పురుగును స్పష్టంగా చూపగలిగితే వేరే వాదన అవసరం ఉండదు. ఆ చిత్రానికి లక్షల విలువైన లెన్సు ఎంత ముఖ్యమో, దానిని నిశ్చలంగా పట్టి ఉంచే హెడ్ కూడా అంతే ముఖ్యం. కావున విభాగాలు కెమెరా కొనుగోలుకు అంచనాలు వేసేటప్పుడే హెడ్‌కు, కాళ్లకు తగిన మొత్తాన్ని కేటాయించాలి. గురుత్వ కేంద్రం ఎక్కడ ఉన్నదో చూసి, పనిని బట్టి రకాన్ని నిర్ణయించి, సొంత సామగ్రితో పరీక్షించి కొన్నచో ఆ హెడ్ ఎన్నో పంట కాలాల పాటు నమ్మకంగా సేవ చేయగలదు.